పటాల అట్టలు వంగేది తేమ వల్లా, తేడా వల్లా?

క్లుప్తంగా: ఫ్రేమింగ్‌లో వాడే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక), మౌంట్ బోర్డు (ఫ్రేములో బొమ్మ చుట్టూ కనిపించే మందపాటి అట్ట), హార్డ్‌బోర్డు లాంటివి తేమ పీల్చినంత మాత్రాన వంగవు. రెండు ముఖాలూ సమానంగా పీలిస్తే కాస్త పెరుగుతాయి, అంతే. ఒక ముఖం ఎక్కువ, ఇంకో ముఖం తక్కువ పీల్చినప్పుడు వంపు పుడుతుంది. దానికి షీటు సొంత బరువు, ఆధారాల మధ్య ఎడం తోడైతే ఆ వంపు స్థిరపడిపోతుంది. షీట్లను నిల్వ చేసేటప్పుడు నిలబెట్టాలా, పడుకోబెట్టాలా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండూ తేలాక గానీ దొరకదు.

వానలు మొదలయ్యాక పటాలు కట్టే షాపుల్లో ఒక ఇబ్బంది మామూలే. మే నెలలో బల్లపరుపుగా ఉన్న షీటు జూలైకి అంచులు లేచి, కట్టర్ కింద కుదురుగా కూర్చోదు. పాత స్టాకు పాడైందని కొందరు, కంపెనీ సరుకే నాసిరకమని కొందరు అంటారు. ఎలా నిల్వ చేయాలని అడిగితే సలహాలు రెండు రకాలుగా వస్తాయి. ప్లైవుడ్ డిపో వాళ్లు షీట్లను నిలువుగానే పెడతారు కాబట్టి నిలబెట్టమంటారు. అట్టల హోల్‌సేల్ వ్యాపారి కట్టలన్నీ నేలకు సమాంతరంగా పేరుస్తాడు కాబట్టి పడుకోబెట్టమంటాడు. ఇద్దరి దగ్గరా సరుకు తిన్నగానే ఉంటుంది. అదే సరుకు చిన్న షాపుకు రాగానే వంగుతోందంటే కారణం వేరే చోట వెతకాలి.

అట్ట తాగే నీళ్లు

ఎండీఎఫ్ అయినా మౌంట్ బోర్డు అయినా అసలు సరుకు చెక్క పీచే. ఆ పీచులో ఉండే సెల్యులోజ్ గాలిలోని నీటి ఆవిరిని లాక్కుంటుంది. గాలి పొడిబారితే తిరిగి వదిలేస్తుంది. ఒకే రకం గాలిలో చాలా రోజులు ఉంచితే దానికి తగ్గ మట్టం దగ్గర కుదురుకుంటుంది. వాతావరణ వార్తల్లో చెప్పే తేమ 30 శాతం ఉన్నప్పుడు ఎండీఎఫ్‌లో సుమారు 5 శాతం నీరుంటుంది. 65 శాతం దగ్గర అది 8కి, 85 దగ్గర 12కి చేరుతుంది. 8×4 అడుగుల 2.5 మిల్లీమీటర్ల షీటు ఐదున్నర కిలోల దాకా తూగుతుంది. ఎండాకాలానికీ ముసురు రోజులకీ మధ్య అది తాగే నీళ్లు మూడు, నాలుగు వందల గ్రాములు. చేత్తో తాకితే మాత్రం పొడిగానే ఉంటుంది.

నీరు చేరితే పీచు అడ్డంగా లావెక్కుతుంది, పొడవులో పెద్దగా పెరగదు. ఎండీఎఫ్ తయారీలో పీచు అన్ని దిక్కులకూ చెదిరి పడుతుంది కాబట్టి షీటు పొడవు, వెడల్పుల్లో దాదాపు ఒకే తీరున పెరుగుతుంది. లోపలి తేమ 1 శాతం పెరిగితే మీటరుకు సుమారు 0.4 మిల్లీమీటరు. మౌంట్ బోర్డు సంగతి అలా కాదు. కాగితం మిల్లులో పీచు ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశలో వాలుతుంది. అందుకే ఆ దిశకు అడ్డంగా రెండు, మూడు రెట్లు ఎక్కువ పెరుగుతుంది. మౌంట్ బోర్డు వంగితే నాలుగు మూలలూ ఒకేలా లేవకుండా గొట్టంలా ఒక దిశలో చుట్టుకోవడానికి కారణం ఇదే. బోర్డును రెండు వైపులా పట్టుకుని మెల్లగా వంచి చూస్తే ఏ దిశలో తేలిగ్గా లొంగుతుందో చేతికే తెలుస్తుంది. పీచు వాలు దానికి అడ్డంగా ఉంటుంది.

ఎండీఎఫ్‌లో తేమ 5 నుంచి 12 శాతానికి పెరిగిందనుకుంటే మీటరుకు 2.8 మిల్లీమీటర్లు, ఎనిమిది అడుగుల షీటు మొత్తానికి 7 మిల్లీమీటర్ల దాకా పెరుగుదల. చిన్నదేమీ కాదు. అయినా రెండు ముఖాలూ, నాలుగు అంచులూ కలిసి పెరిగితే ఆ షీటు తిన్నగానే ఉంటుంది. నిండా తేమ తాగిన అట్ట కూడా వంగకుండా ఉండగలదన్నమాట.

అర మిల్లీమీటరు తేడా, అంగుళం వంపు

అప్పడం ఎండలో పెడితే పైముఖం ముందు ఎండి అంచులు పైకి లేస్తాయి. అట్టలో జరిగేదీ అదే. ఎండిన ముఖం కుదించుకుని లోతు తిరుగుతుంది, తేమ ఉన్న ముఖం ఉబ్బెత్తవుతుంది. వంగిన షీటు కనబడగానే ముందు చూడాల్సింది ఏ ముఖం లోతుగా ఉందన్నది. ఆ వైపు గాలి తగిలిందనో, వెచ్చదనం తగిలిందనో, లేదా అవతలి ముఖానికి చెమ్మ తగిలిందనో అర్థం.

వంపు ఎంత ఉంటుందన్నది లెక్కకు అందుతుంది. రెండు ముఖాల సాగుదలలో తేడాను మందంతో భాగిస్తే వంపు తీవ్రత వస్తుంది. దాన్ని పొడవు వర్గంతో గుణించి ఎనిమిదితో భాగిస్తే నడిమి ఎత్తు వస్తుంది. మీటరు పొడవు, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండీఎఫ్ ముక్క తీసుకుందాం. ఒక ముఖం రెండో ముఖం కన్నా మీటరుకు అర మిల్లీమీటరు ఎక్కువ సాగిందనుకుందాం. నడుమ లేచే ఎత్తు 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం. ఆ అర మిల్లీమీటరు తేడా రావడానికి రెండు ముఖాల తేమలో ఒకటింబావు శాతం తేడా చాలు. మొత్తం షీటు ఏడు శాతం తేమ తాగితే రాని వంపు, ఒకటింబావు శాతం తేడాతో వచ్చేస్తుంది.

ఇదే తేడా 12 మిల్లీమీటర్ల బోర్డులో ఉంటే వంపు సుమారు 5 మిల్లీమీటర్లే. మందం పెరిగిన కొద్దీ వంపు ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. పొడవు విషయంలో లెక్క కఠినం: పొడవు రెట్టింపైతే వంపు నాలుగింతలు. పల్చని పెద్ద షీటును మించిన కష్టమైన సరుకు ఫ్రేమింగ్‌లో లేదు. పటాల వెనక వేసేది మాత్రం అదే.

తేమ లోపలికి దిగే వేగానికీ మందంతో సంబంధం ఉంది. మందం రెట్టింపైతే పట్టే సమయం సుమారు నాలుగింతలు. 12 మిల్లీమీటర్ల బోర్డు లోపలి దాకా స్పందించడానికి పట్టే సమయంలో 2.5 మిల్లీమీటర్ల షీటు ఇరవై సార్లకు పైగా స్పందించగలదు. పొద్దున వంగి కనబడిన పల్చని అట్ట సాయంత్రానికి దానంతట అదే తిన్నగా అవడం ఇందుకే. ఆ మధ్యలో కొలతలు తీసి కోస్తే మాత్రం చిక్కే.

హైదరాబాద్ షాపు, విశాఖ షాపు

తేమ ఎక్కువ ఉన్న ఊళ్లో అట్టలు ఎక్కువ వంగుతాయని అనుకోవడం సహజం. లెక్క ప్రకారం అలా ఉండనక్కర్లేదు. విశాఖపట్నంలో గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు తేమగానే ఉంటుంది. అట్ట ఆ తేమకు అలవాటు పడి కాస్త అటూ ఇటూగా అక్కడే ఉండిపోతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాలు తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆగస్టు పొద్దుటి పూట 80 దాటుతుంది. అంటే తేమ తక్కువని పేరున్న ఊళ్లోనే అట్ట ఎక్కువ దూరం ప్రయాణం చేస్తోంది. ప్రయాణం ఎంత పెద్దదైతే దారిలో ఒక ముఖం ముందు, ఒక ముఖం వెనక పడే అవకాశం అంత ఎక్కువ.

కోస్తాలో బెడద వేరే రకం. తేమ 70 శాతం మీద నిలకడగా ఉంటే బూజుకు అనువైన వాతావరణం వచ్చేస్తుంది. మౌంట్ బోర్డు మీది పలచని రంగు కాగితం, దాని కింది జిగురు బూజుకు మేత. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి జాగ్రత్త పడాల్సిన నెలలూ మారతాయి. కోస్తా షాపుకు గాలి ఆడటం ముఖ్యం, హైదరాబాద్ షాపుకు మార్పు నెమ్మదిగా జరగడం ముఖ్యం. రెండు చోట్లకూ ఒకే సలహా పనికిరాదు.

అసలు అట్టలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఒక గాలికి అలవాటు పడి వస్తాయి. అంతర్జాతీయ ప్రమాణాల్లో కాగితాన్ని పరీక్షించే గదికి 23 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉండాలి. మన దేశపు ప్రమాణాల్లో పరీక్ష గదికి 27 డిగ్రీలు, 65 శాతం అని రాసుకున్నారు. మన వాతావరణం ఎరిగి రాసిన అంకెలవి. 50 శాతం దగ్గర కుదురుకున్న దిగుమతి మౌంట్ బోర్డు ప్యాకెట్టును వానాకాలం విశాఖలో విప్పితే, పై షీటు పైముఖం అప్పటికప్పుడే తాగడం మొదలుపెడుతుంది.

మ్యూజియంల ఆలోచన కూడా ఇటే తిరిగింది. పూర్వం 50 శాతం చుట్టూ సన్నని హద్దులో తేమను బిగించి ఉంచాలనేవారు. కళాఖండాల పరిరక్షణ నిపుణుల సంస్థలు ఐఐసీ, ఐకామ్-సీసీ 2014లో సంయుక్తంగా విడుదల చేసిన ప్రకటన ప్రస్తావించిన మార్గదర్శకాల్లో ఆ హద్దు 40 నుంచి 60 శాతం దాకా విశాలమైంది. షరతు ఒక్కటే: 24 గంటల్లో మార్పు 10 శాతం మించకూడదు. అంకె కన్నా మార్పు వేగానికి ఎక్కువ విలువ ఇచ్చారన్నమాట. ఫ్రేమ్ షాపుకు మ్యూజియం ఏసీ అందుబాటులో ఉండదు, ఈ సూత్రం మాత్రం ఉంటుంది.

గోడకు ఆనిస్తే ఏమవుతుంది

తేమ తర్వాత రెండో కారణం బరువు. షీటును గోడకు చేరగిలబెట్టడం అన్నిటికన్నా సులువైన పని, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పని కూడా. ఎనిమిది అడుగుల షీటును నిలువుగా నిలబెట్టి కింది అంచును గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే, వంచే దిశలో పనిచేసేది దాని బరువులో ఎనిమిదో వంతే. వినడానికి బాగుంది. అయితే ఆధారం పైన ఒకచోట, కింద ఒకచోట మాత్రమే. సొంత బరువుకు కుంగే లోతు ఆధారాల మధ్య దూరానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. దూరం రెట్టింపైతే కుంగుదల పదహారింతలు. నాలుగడుగుల ఎడంలో రెండు దుంగల మీద పడుకోబెట్టిన షీటు కన్నా, ఎనిమిది అడుగుల ఎత్తున ఆనించిన షీటు రెట్టింపు కుంగుతుందని లెక్క తేలుతుంది. పల్చని షీటు పొట్ట దించడం కంటికే కనబడుతుంది. అదే షీటును పొడుగు అంచు నేలకు వచ్చేలా నిలబెడితే ఎత్తు నాలుగడుగులకు తగ్గి పరిస్థితి చాలా మెరుగవుతుంది.

పడుకోబెట్టినా ఇదే సూత్రం. 2.5 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌ను 120 సెంటీమీటర్ల ఎడంలో రెండు దుంగల మీద పెడితే నడుమ 12 సెంటీమీటర్ల పైనే కుంగుతుంది. ఎడం 60 సెంటీమీటర్లైతే 8 మిల్లీమీటర్లు. 30 అయితే అర మిల్లీమీటరు. యాభై షీట్లు ఒకదానిమీద ఒకటి పెడితే కట్ట గట్టిపడి కుంగదని చాలామంది అనుకుంటారు. విడి షీట్లు ఒకదానిమీద ఒకటి జారతాయి కాబట్టి ఏ షీటు బరువు ఆ షీటే మోస్తుంది. యాభై షీట్ల కట్ట కూడా ఒక్క షీటు కుంగినంతే కుంగుతుంది.

ఈ కుంగుదల మొదట్లో తాత్కాలికమే. బరువు తీస్తే తిరిగి లేస్తుంది. వారాలు, నెలలు గడిస్తే పీచు, జిగురు మెల్లగా సర్దుకుని ఆ ఆకారానికే అలవాటు పడతాయి. చెక్క కట్టడాల డిజైన్‌కు యూరప్‌లో వాడే యూరోకోడ్ 5లో ఈ సర్దుబాటుకు అంకెలున్నాయి. పొడి గదిలో మామూలు కలప శాశ్వత బరువు కింద మొదటి కుంగుదలకు అదనంగా 60 శాతం కుంగుతుందని అది లెక్క కడుతుంది. ఎండీఎఫ్‌కు ఆ అంకె 225 శాతం. పొడి గదిలోనే ఇంత.

తేమ మారుతూ ఉంటే ఇంకా ఎక్కువ. ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లో ప్రచురించిన ప్రయోగంలో, బరువు మోస్తూ తడి ఆరుతున్న చెక్క, తేమ మారని చెక్క కన్నా చాలా ఎక్కువ వంగడం గమనించారు. బరువు ఒక్కటే ఉంటే కొంత, తేమ మార్పు ఒక్కటే ఉంటే కొంత. రెండూ ఒకేసారి ఉంటే ఆ రెంటి మొత్తాన్ని మించిపోతుంది. ఎండాకాలం గోడకు ఆనించి వానాకాలం దాకా మరిచిపోయిన షీటు సరిగ్గా ఈ ప్రయోగంలో ఉన్నట్టే లెక్క.

ప్లైవుడ్ డిపో వాళ్ల షీట్లు మరి ఎందుకు వంగవు? వాళ్ల సరుకు 12, 18 మిల్లీమీటర్ల మందం. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికినవి. వరసలో పక్కపక్కనే బిగుతుగా ఉంటాయి. రోజూ అమ్ముడుపోతూ ఉంటాయి. 2.5 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌కు ఈ నాలుగింటిలో ఏదీ వర్తించదు.

కట్ట పేర్చడంలో ఉన్న కిటుకు

బిగుతుగా పేర్చిన కట్ట తనను తానే కాపాడుకుంటుంది. నడిమి షీట్లకు రెండు ముఖాలూ మూసే ఉంటాయి కాబట్టి తేమ అంచుల నుంచే దిగాలి. అంచు నుంచి నడిబొడ్డుకు రెండడుగులు. ఆ దూరం దాటడానికి తేమకు చాలా కాలం పడుతుంది, ఆలోపు రుతువే మారుతుంది. గాలి ఆడాలని షీట్ల మధ్య పుల్లలు పెట్టి వదులుగా ఉంచడం తడిసిన సరుకును ఆరబెట్టడానికి సరైన పని. బాగున్న సరుకును నిల్వ చేయడానికి కాదు.

ఈ కట్టలో ఆపద ఉన్నవి రెండే: పైది, కిందిది. పై షీటుకు పైముఖం గాలికి, కిందిముఖం కట్టకు. అందుకే పని తెలిసిన షాపుల్లో పైన ఒక పనికిరాని బోర్డు పెట్టి, దానిమీద పాలిథిన్ పరుస్తారు. వంగితే అదే వంగుతుంది. కింది షీటుకు శత్రువు సిమెంటు నేల. గచ్చులోంచి చెమ్మ పైకి ఎక్కుతూనే ఉంటుంది, టైల్స్ ఉన్నా కీళ్లలోంచి వస్తుంది. నేలమీద నాలుగంగుళాల ఎత్తున అడుగుకొకటి చొప్పున సమాన మందం ఉన్న చెక్క పట్టీలు, వాటి మీద ఒక మందపాటి ప్లై లేదా బోర్డు, ఆపైన సరుకు. రెండో కట్టను మొదటి దాని మీద పెడితే పై పట్టీలు కింది పట్టీలకు సూటిగా రావాలి. ఒక పట్టీ పక్కకు జరిగితే కింది కట్ట నడుం వంగుతుంది.

చిన్నవీ పెద్దవీ కలిపి పేర్చడం ఇంకో తప్పు. పెద్ద షీటు అంచులు గాల్లో వేలాడి కిందికి వాలతాయి. 22×28 అంగుళాల మౌంట్ బోర్డులు, వాటికి రెట్టింపు సైజువీ ఒకే బీరువాలో ఉంటే పెద్దవి కింద, చిన్నవి పైన ఉండాలి. అసలైతే వేర్వేరు అరల్లో ఉండాలి.

మౌంట్ బోర్డు కట్ట అంచులు ఏం జరిగిందో చెబుతాయి. అంచులు అలలు తిరిగి నడుమ బిగుతుగా ఉంటే కట్టకు బయటి నుంచి తేమ చేరింది. అంచులు బిగుసుకుని నడుమ ఉబ్బితే కట్ట బయటి నుంచి ఎండింది. ప్రెస్సుల్లో పనిచేసేవాళ్లకు ఈ రెండు లక్షణాలూ ఎప్పటినుంచో తెలుసు.

స్థలం లేక నిలబెట్టక తప్పదనుకుంటే అరలు సన్నగా ఉండాలి. నాలుగైదంగుళాలకు ఒక అడ్డుపట్టీ, ప్రతి అరా నిండుగా, షీట్లు నిటారుగా. అర సగం ఖాళీ అయితే మిగిలినవి వాలిపోతాయి. అలాంటప్పుడు ఖాళీలో ఒక మందపాటి బోర్డు దూర్చి బిగించాలి. నిలువు నిల్వలో విఫలమయ్యేది నిలువుతనం కాదు, సగం ఖాళీ అయిన అర.

గోడ ఎంపిక కూడా ముఖ్యమే. పడమటి గోడ మధ్యాహ్నం కాగి పక్కనున్న షీటు ఒక ముఖాన్ని ఎండగడుతుంది. వాన కొట్టే బయటి గోడ చల్లబడి పక్కనున్న గాలిలో తేమ శాతాన్ని పెంచుతుంది. కొత్తగా పుట్టీ వేసిన గోడ వారాల తరబడి నీరు వదులుతుంది. లోపలి గోడ అన్నిటికన్నా నయం, వీలు కాకపోతే కనీసం చేతి వెడల్పు ఎడం. చెదలకూ ఆ ఎడం మంచిదే, కనీసం కంటబడతాయి.

ఏసీ గదిలోకి తెచ్చినప్పుడు

గోడౌన్‌లో 80 శాతం తేమలో ఉన్న షీటును ఏసీ వేసిన షాపులోకి తెచ్చి బల్లమీద పరిస్తే, కిందిముఖం బల్లకు ఆని ఉంటుంది, పైముఖం ఎండుతుంది. గంటల్లోనే అంచులు లేస్తాయి. కొందరు దీన్ని సరుకు లోపం అనుకుని మారుస్తారు కూడా. ఒకటి రెండు రోజులు ముందే తెచ్చి, మధ్యలో సమాన మందం పుల్లలు పెట్టి రెండు ముఖాలకూ గాలి ఆడేలా ఉంచితే ఈ గొడవ ఉండదు. మౌంట్ బోర్డు అయితే గది వేడికి అలవాటు పడేదాకా ప్యాకెట్ విప్పకపోవడం మేలు. రాత్రి ఏసీ ఆపేసే షాపుల్లో తేమ రోజుకోసారి ఎక్కి దిగుతుంది. పగలంతా ఏసీ, రాత్రంతా ముసురు గాలి అన్న పద్ధతి కన్నా, ఏసీ లేని స్టాకు గదే బోర్డులకు సుఖం.

పాలిథిన్ కప్పడం మంచిదే, అయితే కప్పేటప్పటికి లోపలి సరుకు పొడిగా ఉండాలి. తడి సరుకుకు కవరు చుడితే ఆ చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. సగం కప్పడం అసలు కప్పకపోవడం కన్నా చెడ్డది, ఎందుకంటే ఒక ముఖం మూసుకుని ఇంకోటి తెరిచి ఉంటుంది.

అతికించిన తర్వాత మొదలయ్యే వంపు

బోర్డు బాగానే ఉండి, ఫోటో అంటించాక వంగే సందర్భాలు చాలా. పెళ్లి ఫోటోలు, దేవుడి పటాలు ఎండీఎఫ్ మీద లామినేషన్ చేయించడం మన ఊళ్లలో బాగా అలవాటు. ఫోటో, దాని మీది ప్లాస్టిక్ పొర కలిసి ముందువైపు తేమకు తలుపు వేసినట్టే. వెనకవైపు బోర్డు బోసిగా ఉంటుంది. వానాకాలం వెనక ముఖం ఉబ్బి ఫోటో వైపు లోతు తిరుగుతుంది, ఎండాకాలం దానికి వ్యతిరేకం. నీటితో పలచన చేసే జిగురు వాడితే ఇంకొకటి తోడవుతుంది. తడిసి సాగిన కాగితం అంటుకున్నాక ఆరుతూ కుదించుకుని బోర్డును తనవైపు లాగుతుంది.

విరుగుడు ఫర్నిచర్ చేసేవాళ్లకు తెలిసిందే. ముందు మైకా వేస్తే వెనక కూడా ఏదో ఒక పొర వేస్తారు. పటానికీ అంతే: అదే మందం కాగితం, అదే జిగురు, పీచు వాలు అదే దిశలో ఉండేలా వెనక కూడా అంటిస్తే రెండు లాగుడ్లూ సరితూగుతాయి. అడుగు లోపు పటాలకు ఇంత శ్రమ అక్కర్లేదు. రెండడుగులు దాటితే మాత్రం ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది.

చేర్యాల నకాషీ చిత్రాల్ని ఇప్పుడు చిన్న ముక్కలుగా ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. ఖద్దరు గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి తయారుచేసే ఆ పటానికి తేమతో తన సొంత వ్యవహారం ఉంటుంది. దాన్ని పల్చని ఎండీఎఫ్‌కు మొత్తంగా అతికిస్తే బోర్డు, పటం చెరో దారి పడతాయి. పై అంచున మాత్రమే పట్టి వేలాడదీసి, చుట్టూ మౌంట్ బోర్డుతో ఆపడం ఇలాంటి వాటికి మేలు.

బోర్డు రెండు ముఖాలకూ ఒకే రకం జీవితం దక్కకపోతే ఏమవుతుందో చెప్పడానికి లూవ్ర్ మ్యూజియంలోని మోనాలిసాను మించిన ఉదాహరణ లేదు. అది గుడ్డ మీద వేసిన బొమ్మ కాదు. పాప్లర్ చెక్క పలక మీద వేసింది. ముందు రంగు పొరలు, వెనక బోసి చెక్క. ఐదు శతాబ్దాల్లో పలక ముందుకు ఉబ్బింది, పైన ఒక చీలిక కూడా ఉంది. ఇప్పుడు తేమను అదుపు చేసే అద్దాల పెట్టెలో ఉంచారు.

ఫ్రేము లోపల మరో రకం వంపు ఉంది, దానికి ముఖాల తేడాతో పనిలేదు. వెనక బోర్డును గాడికి సరిగ్గా, ఏమాత్రం ఎడం లేకుండా కోసి బిగిస్తే, వానాకాలం పెరిగే మిల్లీమీటరుకు చోటుండదు. మీటరు బోర్డు ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగి రెండు కొనలూ బిగుసుకుంటే నడుమ దాదాపు 2 సెంటీమీటర్లు ఉబ్బుతుంది. గాడిలో రెండు మూడు మిల్లీమీటర్లు వదులు ఉంచడం బద్ధకపు పని కాదు, అవసరం. ఫ్రేము కింది మూలల్లో రబ్బరు గుండీలు అంటించి గోడకు కాస్త ఎడం ఉంచితే వెనక గాలి ఆడుతుంది.

అన్ని బోర్డులూ ఒకటి కావు

పాత పటాల వెనక కనిపించే ముదురు గోధుమ రంగు హార్డ్‌బోర్డు ఒకవైపు నున్నగా, ఇంకోవైపు జల్లెడ అచ్చుతో గరుకుగా ఉంటుంది. రెండు ముఖాలూ పుట్టుకతోనే వేరు, కాబట్టి తేమ తీసుకునే తీరూ వేరు. ఫోమ్ బోర్డులో నడిమి థర్మోకోల్‌కు తేమతో పనిలేదు, పైన కింద ఉన్న కాగితాలకు ఉంది. షాపుల్లో సన్‌బోర్డు అని పిలిచే పీవీసీ షీటుకు తేమ పట్టదు గానీ ఎండలో నిలిపిన వ్యానులో, రేకుల షెడ్డులో మెత్తబడి వంగుతుంది. తేమ వల్ల వంగిన ఎండీఎఫ్‌ను కొంతైనా తిప్పగలం, వేడికి సాగిన ప్లాస్టిక్‌కు ఆ అవకాశం తక్కువ.

వంగినదాన్ని ఏం చేయాలి

నిన్నా మొన్నా వంగిన షీటుకు చికిత్స తేలిక. ఉబ్బెత్తు ముఖం పైకి వచ్చేలా చదునైన బల్లమీద పెట్టి గాలి తగలనివ్వాలి. తేమ ఎక్కువున్న ముఖం అదే కాబట్టి అది ఆరాలి. కాస్త దిగాక పైన బోర్డు, దానిమీద సమానంగా బరువు పెట్టి రెండు మూడు వారాలు వదిలేయాలి. లోతు ముఖం మీద నీళ్లు చిలకరించే చిట్కా ఎండీఎఫ్ మీద ప్రమాదకరం. తడిసిన చోట పీచు లేచి, ఆరినా మళ్లీ నున్నబడదు.

పాత వంపు పూర్తిగా పోదు. అందుకు ఒక కారణం పైన చెప్పిన సర్దుబాటు. ఇంకో కారణం తక్కువమందికి తెలుసు. అదే గాలిలో ఉన్నా, తడిసి ఆరుతూ వచ్చిన చెక్క పీచులో, ఎండి తాగుతూ వచ్చిన పీచు కన్నా నీరు కొంచెం ఎక్కువ మిగులుతుంది. ఒక ముఖం తడిసి ఆరింది, రెండోది తడవనే లేదు అనుకుంటే, రెండూ ఒకే గదిలో నెలల తరబడి ఉన్నా వాటి తేమల్లో శాతం పైనే తేడా ఉండిపోవచ్చు. మీటరు షీటుకు అంగుళం వంపు తేవడానికి ఒకటింబావు శాతం చాలని ముందే చూశాం.

అలాంటి షీట్లను చాలా షాపులు పారేయకుండా చిన్న పటాల వెనక్కి వాడతాయి. పొదుపు కోసం మొదలైన ఈ అలవాటు లెక్కకు కూడా నిలుస్తుంది. మీటరు పొడవున 25 మిల్లీమీటర్ల వంపు ఉన్న షీటును 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్కలో మిగిలే వంపు రెండుంబావు మిల్లీమీటర్లే. 2.5 మిల్లీమీటర్ల మందంలో ఆ మాత్రాన్ని ఫ్రేము వెనక కొట్టే చిన్న మేకులే నొక్కి ఉంచుతాయి. 5.5 మిల్లీమీటర్ల బోర్డుకు మాత్రం ఇది కుదరదు. అంతే వంపును తిన్నగా చేయడానికి దానికి పదిరెట్ల బలం కావాలి. మేకులు ఆగినా ఫ్రేము మూల కీళ్లు ఆగవు.